చెలమ నుంచి కానుగ మొక్కల దాకా

ఇక సంతకం ఒక్కటే తక్కువ. రిపోర్టు రాసేశాను, పటాలు గీసేశాను, అట్ట కూడా వేయించేశాను. చివరి పేజీలో మా గురువుగారు దస్తగిరి సార్ సంతకం పడితే, పది రోజుల్లో బెంగుళూరు వెళ్లి అంతరిక్ష సంస్థ పెద్దల ముందు చదివెయ్యడమే.

నా పేరు చౌడేశ్వరి. మాది ప్రొద్దుటూరు, మగ్గాల ఇల్లు. కొండలూ లోయలూ ఏర్లూ ఎట్లా పుడతాయి, ఎట్లా అరిగిపోతాయి అని చదవడం నా పని. భూమ్మీదవే కాదు, అంగారకుడి మీదవి కూడా. అక్కడికి మనిషెవరూ పోలేదు కాబట్టి, దాని చుట్టూ తిరిగే నౌకలు తీసి పంపిన ఫొటోలే మాకు దిక్కు.

ఆ ఫొటోల్లో అయిదేళ్లుగా నేను చూస్తున్నది ఒకే ఒక్క గట్టు. ఒక పెద్ద గుంట అంచు నుంచి మొదలై, వంకర్లు తిరుగుతూ డెబ్బై కిలోమీటర్లు పోతుంది. రెండు తాటిచెట్లంత ఎత్తుంటుంది. ఇకముందు పంపబోయే యంత్రాన్ని అంగారకుడి మీద ఎక్కడ దింపాలా అని పెద్దలు పన్నెండు చోట్లతో ఒక జాబితా వేసుకున్నారు. ఒకప్పుడు నీళ్లు పారిన నేల కావాలి వాళ్లకు. మా గట్టున్న చోటు ఆ జాబితాలో పదకొండోది. అక్కడ నీళ్లు పారాయో లేదో తేల్చమని మాకు అప్పగించారు. నేను తేల్చేశాను. పారలేదు, జాబితాలోంచి తీసెయ్యండి అని రాశాను. నా పీహెచ్‌డీకి చివరి అధ్యాయం కూడా అదే.

అంత ధీమా ఎందుకంటే, నేను గట్ల మధ్యే పెరిగిన పిల్లను. మా సీమలో ఎటు చూసినా నల్లరాతి గట్లు కనబడతాయి. భూమి పగిలినప్పుడు లోపల కరిగిన రాయి ఆ పగుల్లోకి తన్నుకొచ్చి అక్కడే గడ్డకడుతుంది. తర్వాత లక్షల ఏళ్లకు చుట్టూ ఉన్న మెత్తటి నేల అరిగిపోయి, గట్టి రాయి గోడలాగా నిలబడుతుంది. మా చదువుల భాషలో దాన్ని డైక్ అంటారు. అట్లాంటివి నూరు దాకా ఎక్కి దిగాను. అంగారకుడి మీద గట్టును చూడగానే, ఓహో నువ్వా, అనుకున్నాను. ఏరు పల్లంలో పారుతుంది గానీ గట్టు మీద పారుతుందా? దానికి ఇంత చదువు కూడా అక్కర్లేదు.

దస్తగిరి సార్ అప్పటికే రిటైరై జమ్మలమడుగులో సొంతింట్లో ఉంటున్నారు. నా చదువు అయిపోయేదాకా గైడు మాత్రం ఆయనే. సన్నగా, నల్లగా, తలమీద తెల్ల టోపీతో ఉండే మనిషి. నలభై ఏళ్లు విద్యార్థులను ఎండలో నడిపించారే గానీ, బోర్డు మీద రాసి చెప్పింది తక్కువ. రాయి కనబడితే నోరు మూసుకుని దాని పక్కన గంటసేపు కూర్చోమనేవారు. అర్థంకాని పాఠం అంటే మాకు అదే.

ఆషాఢం మొదట్లో రిపోర్టు పట్టుకుని ఆయన ఇంటికి పోయాను. వరండాలో కూర్చుని పేజీలు తిప్పారు. గట్టు ఫొటో దగ్గర ఆగారు.

"దీన్ని మొదటిసారి చూసినప్పుడు ఏమనుకున్నావు పాపా?"

"డైక్ అనుకున్నా సార్."

"రెండోసారి?"

"డైకే సార్."

"అంటే ఒక్కసారే చూసినావు."

నాకు చుర్రుమంది. "అయిదేళ్లు చూసినా సార్! ఎత్తులన్నీ కొలిచినా. నలభై ఒకటో పేజీలో పట్టిక కూడా ఉంది. మీరు ఒక్కసారి చూసి సంతకం పెడితే..."

సార్ జేబులు తడుముకున్నారు. "కళ్లద్దాలు యాడో పెట్టినా. అవి ల్యాకుండా సంతకం ఎట్ల పెడతా? ఉండు రెండు దినాలు. నీతో ఒక పని కూడా ఉండాది."

"ఏం పని సార్?"

"ఏటి ఒడ్డున మూడు కానుగ మొక్కలు నాటినా. నీళ్లు పొయ్యాల. నా మోకాళ్లు మాట వినడం ల్యా."

పెద్దాయన, మోకాళ్ల నొప్పులు, కాదంటే ఏం బాగుంటుంది? సరే అన్నాను. నా బ్యాగు లోపల గదిలో పెట్టించి, సార్ భార్య ఖమ్రున్నీసమ్మ నాకు జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి వడ్డించారు.

"నీళ్లు మొయ్యమన్నాడా?" అన్నారు ఆమె నవ్వుతూ.

"అవునమ్మా."

"అదృష్టవంతురాలివి. పెండ్లయిన కొత్తల్లో నాతో రాళ్లు మోయించినాడు. సంచుల్లో ఏముందో కూడా చెప్పల్యా."

మర్నాడు పొద్దున్నే పెన్నలోకి దిగాం. ఆ కాలంలో పెన్నలో నీళ్లుండవు, ఇసుక మాత్రమే ఉంటుంది. నీళ్లు కావాలంటే ఇసుకలో గుంట తవ్వాలి, దాన్నే చెలమ అంటాం. కాసేపటికి అడుగున నీళ్లు ఊరుతాయి. కదలకుండా వదిలేస్తే తేటబడతాయి. అప్పుడు చిన్న గిన్నెతో పైపైన తోడి బిందెలో పోసుకోవాలి. మా అమ్మమ్మ గంటసేపైనా చెలమ పక్కన ఓపిగ్గా కూర్చునేది.

నాకు అంత ఓపిక ఎక్కడిది? సత్తు బిందెను నిలువునా చెలమలో ముంచాను. అడుగునున్న ఒండ్రంతా లేచి బిందె నిండా ఎర్రటి నీళ్లొచ్చాయి. మొక్కలకే కదా, ఏ నీళ్లయితేనేం అనుకున్నాను.

చెలమ నుంచి మొక్కలకు నూరడుగులుంటుంది. మధ్యలో ఒక ముళ్లకంప ఉంది. మొదటి రెండు బిందెలూ కంపకు ఎడమపక్క నుంచి చుట్టి మోసుకుపోయాను. సార్ ఒడ్డు మీద గొడుగేసుకుని కూర్చుని కేకేశారు.

"ఆ పక్క వద్దు పాపా, తేళ్లుంటాయి! కుడిపక్కనే పో. పొయ్యేది, వచ్చేది ఒకే దారిన పో."

తేళ్లంటే ఎవరికి భయముండదు? కుడిపక్కనే పోయాను. బిందె చంకనెత్తుకుంటే దారి పొడుగునా నీళ్లు తొణికేవి. ఒకచోట కాలు జారి బిందె మొత్తం ఒలకబోశాను. ఒళ్లు మండిపోయింది. అవతల బెంగుళూరులో నా పేరు అచ్చేసిన కాగితాలు పంచుతుంటారు, ఇవతల నేను బురద కాళ్లతో బిందె మోస్తున్నాను.

"ఎన్ని పొయ్యాల సార్?"

"ఒక్కో మొక్కకు పది బిందెలు."

"పది బిందెలా! ఇవి మొక్కలా, ఏనుగులా సార్?"

సార్ నవ్వారు గానీ లెక్క తగ్గించలేదు. నేను ముప్పై సార్లు పోయి ముప్పై సార్లు వచ్చాను. ఆయన మధ్యలో ఒకసారి లేచి, నా దారి పక్కన ఇసుక చిటికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి చూసుకుని, మళ్లీ వచ్చి కూర్చున్నారు. మోకాళ్లు బాగానే వంగాయే అనుకున్నాను గానీ పైకి అనలేదు.

రెండో రోజు కూడా ఇదే కత. మూడో రోజూ ఇదే. సాయంత్రాలు రిపోర్టు ముందు పెడితే కళ్లద్దాలు ఇంకా దొరకలేదనేవారు. ఇంత ఇంట్లో కళ్లద్దాలు దొరక్కపోవడమేమిటని నేనే మంచాల కింద, పుస్తకాల వెనక, మసాలా డబ్బాల పక్కన వెతికాను. ఖమ్రున్నీసమ్మ నన్ను చూసి నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయారు.

మూడో సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, నా రిపోర్టులో తప్పుంటే చెప్పండి. దిద్దుకుంటా. ఇట్లా నీళ్లు మోయిస్తే నాకేం తెలుస్తుంది?"

"తప్పుందని నేనెప్పుడన్నా?"

"మరి సంతకం పెట్టరేం?"

"నువ్వు అయిదేండ్లు చూసినావంటివి. నేను అయిదు దినాలన్నా చూడొద్దా?"

ఏం చూస్తున్నారు, నా మొహం చూస్తున్నారు అనుకున్నాను. ఆ కోపంలోనే ఒక పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. సార్‌కు వయసైపోయింది, అంగారకుడి ఫొటోలు అర్థంకాక వాయిదా వేస్తున్నారు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నిజంగానే అట్లా అనుకున్నాను.

నాలుగో రోజు ఆషాఢం గాలి మొదలైంది. మా వైపు ఆ గాలి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరేసిన చీర పక్కవీధిలో దొరుకుతుంది. అన్నంలో ఇసుక, తలలో ఇసుక, పళ్ల మధ్య ఇసుక. పెన్న వైపు చూస్తే ఎర్రటి దుమ్ము తెర తప్ప ఒడ్డు కనబడలేదు. రెండు రోజులు కిటికీలు మూసుకుని ఇంట్లో కూర్చున్నాం. సార్ హాయిగా పాత పటాలు తుడుచుకుంటూ గడిపారు. నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. ఇంక నాలుగు రోజులే మిగిలాయి.

ఆరో రోజు పొద్దున గాలి ఆగింది. ఆకాశం కడిగినట్టుంది.

"పోదాం పా పాపా, మొక్కలు ఎట్లుండాయో చూద్దాం. ఆ కాగితాలు కూడా తీసుకో. అక్కడే చూస్తా."

బతికించారు అనుకుని రిపోర్టును బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను. ఒడ్డెక్కి చూస్తే పెన్న ఇసుకంతా కొత్తగా ఉంది. పాత అడుగుజాడలు, బండి జాడలు ఏవీ లేవు. మొక్కలు బాగానే ఉన్నాయి. కానీ వాటి దగ్గర్నుంచి చెలమ దాకా, ఇసుకలో ఒక చిన్న గట్టు లేచి ఉంది. నాలుగు వేళ్ల ఎత్తు, రెండు జానల వెడల్పు, వంకర్లు తిరుగుతూ పోయింది. మధ్యలో దాంట్లోకి ఎడమపక్క నుంచి ఇంకో సన్నటి గట్టు వచ్చి కలిసింది.

"సార్, ఎవరో గట్టేసినారు ఇక్కడ!"

"ఎవరంటావు?"

"ఇసుక ట్రాక్టర్లోళ్లు అయ్యుంటారు. ఇసుక తెచ్చి పోసి, పైన తొక్కినట్టుంది. కాలవ తీసేదానికేమో."

"పోసినారంటావా?"

"పోయకపోతే పైకి ఎట్లా లేస్తుంది సార్? చూస్తే తెలీడం ల్యా?"

సార్ చేతిలోని సత్తు బిందె నాకందించారు.

"చెప్పులిడిచి దానిమీదే పో."

చెప్పులు విడిచి గట్టెక్కాను. ఇసుకలాగా కాలు దిగబడలేదు. గట్టిగా, ఎండిన మట్టి అరుగులాగా ఉంది. రెండడుగులు వేశాను. మూడో అడుగు ఒక గుంటలో సరిగ్గా కూర్చుంది. మడమకు మడమ, వేళ్లకు వేళ్లు సరిపోయాయి.

కాలు తీసి వంగి చూశాను. నా కుడికాలి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు మగ్గం గుంటలో పలక పడి విరిగింది. ఆ గుంటలో కూడా చిటికెన వేలు వంకరగానే ఉంది.

ఇంకా ముందుకు పోయాను. ముళ్లకంప దగ్గర గట్టు కుడికి తిరిగింది, నేను తిరిగినట్టే. నేను బిందె ఒలకబోసిన చోట గట్టు చాపంత వెడల్పైంది. ఎడమపక్క నుంచి వచ్చి కలిసిన ఆ సన్నటిది, సార్ తేళ్లున్నాయని కేకెయ్యకముందు నేను నడిచిన రెండు బిందెల దారి. ఎవరూ ఇసుక పొయ్యలేదు. ఏదీ పైకి లేవలేదు. మూడు రోజులు ఒండ్రు నీళ్లు తాగి, నా కాళ్ల కింద అణిగి, ఆ దారి గట్టిపడింది. పక్కనున్న ఇసుక వదులుగా ఉంది కాబట్టి గాలి దాన్ని నాలుగు వేళ్ల లోతు ఎత్తుకుపోయింది.

నూరడుగుల్లో అన్నిటికంటే పల్లంగా ఉండింది ఆ దారే. నేనే తొక్కి తొక్కి పల్లం చేశాను. ఇప్పుడదే అన్నిటికంటే ఎత్తు.

మెత్తనిది పోతుంది, గట్టిది నిలుస్తుంది అని కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పినదాన్ని నేను. నల్లరాయి గట్టిదని తెలుసు. నీళ్లు పారిన దారి కూడా గట్టిపడుతుందని, గులకరాళ్లూ ఒండ్రూ ఒకదాన్నొకటి పట్టుకుని రాయైపోతాయని ఎన్ని పుస్తకాల్లో చదవలేదు! చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, ఫొటో చూడగానే మర్చిపోయాను. గట్టు కనబడింది, పేరు పెట్టేశాను.

నా కళ్లముందు నలభై ఒకటో పేజీ తిరిగింది. డెబ్బై కిలోమీటర్ల పొడుగునా గట్టు ఉన్న నేల ఎంత మెరకో నేనే కొలిచి రాసిన అంకెలు. మొదటి అంకె పెద్దది, తర్వాతది కొంచెం తక్కువ, దాని తర్వాతది ఇంకొంచెం తక్కువ, చివరిదాకా ఒక్కచోట కూడా మళ్లీ పెరగలేదు. డైక్‌కు పల్లంతో ఏం పని? అది పగులు ఎటుంటే అటు కొండలూ గుంటలూ అడ్డంగా కోసుకుంటూ పోతుంది. పల్లం వెతుక్కుంటూ దిగేది ఇంకొకటి. ఆ పట్టిక గీశానే గానీ ఏనాడూ చదవలేదు. పెద్ద గట్టులోకి వచ్చి కలిసే చిన్న గట్లు పద్నాలుగు ఉన్నాయి, అన్నీ పైవైపు నుంచే వచ్చి కలిశాయి. వాటికి నేను పగుళ్ల కొమ్మలని పేరు పెట్టాను. ఆ పేరు కూడా చూడగానే పెట్టిందే.

సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే భయమేసింది. సార్ మొదటి రోజే సంతకం పెట్టుంటే, ఈపాటికి ఆ కాగితం బెంగుళూరుకు చేరేది. పదకొండో చోటును కొట్టేసేవాళ్లు. ఎన్ని కోట్ల ఏళ్ల కిందటిదో ఒక ఏరు, నా ఒక్కదాని మాట మీద మళ్లీ ఎవరూ తిరిగి చూడకుండా పోయేది. నాకు చప్పట్లు కొట్టి డాక్టరేటు కూడా ఇచ్చుండేవాళ్లు.

బిందె పక్కన పెట్టి గట్టు మీద కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సార్ పిలవలేదు. రాయి పక్కన గంటసేపు కూర్చోమని ఆయన ఎందుకనేవారో, ఇన్నేళ్లకు, ఆ పూట తెలిసింది.

లేచి ఒడ్డుకొచ్చేసరికి సార్ గొడుగు మడిచి నా కోసం చూస్తున్నారు. చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తీశారు. వారం రోజులుగా నేను మంచాల కింద వెతికిన కళ్లద్దాలు. తీరిగ్గా పంచె కొంగుతో తుడిచి పెట్టుకున్నారు.

"తే పాపా, ఆ కాగితాలు. యాడ పెట్టాల సంతకం?"

బ్యాగు జిప్ మీద చెయ్యి వేసి అట్లాగే ఆగాను. లోపల అట్ట వేయించిన నూట ఇరవై పేజీలు ఉన్నాయి.

"ఇంకా రాయలేదు సార్."

సార్ నా మొహం వైపు ఒక్క క్షణం చూశారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అట్లయితే మొక్కలకు నీళ్లు పొయ్యి. రెండు దినాలైంది అవి తాగి."

బిందె తీసుకుని చెలమ దగ్గరికి పోయి, గాలికి పడిన ఇసుకను తోడేశాను. బిందె ముంచలేదు. పక్కన కూర్చుని నీళ్లు తేటబడేదాకా చూశాను. చిన్న గిన్నెతో పైపైన తోడి బిందె నింపుకుని, గట్టు తొక్కకుండా, దాని పక్కనే నడిచాను.